పార ఇంట్లో పెట్టి, టేపు పట్టుకుని రండి

మా చిత్తూరు వైపు పాలెగాళ్ల కాలపు మేడను పరిశీలించాలంటే ముందు పారను ఇంట్లో వదిలేయండి. నేను మొదటిసారి పట్టుకెళ్లాను. "ఏం అబ్బోడా, నిధి కోసరమా?" అని కాపలా తాత తరిమేశాడు. ఆయన తప్పేం లేదులే.

ముందు చంద్రగిరిలో ఒక పూట గడపండి. మూడంతస్తుల రాజమహల్‌లో కలప లేదు. రాయి, ఇటుక, సున్నమే. కన్ను వాటికి అలవాటు పడాలి.

తర్వాత యజమానిని అడిగి, మీ మేడలో ప్రతి గదినీ, గోడ మందాన్నీ కొలిచి గీయండి. బయటి కొలతకూ లోపలి కొలతకూ పొంతన కుదరకపోతే ఎక్కడో మూసేసిన మెట్లో, గదో ఉండొచ్చు. గార రాలిన చోట ఆగండి, అసలు కథ అక్కడే. మూలలో రెండు గోడల ఇటుకలు ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటే ఒకేసారి కట్టారన్నమాట. నిలువుగా తిన్నటి సందు కనిపిస్తే, రెండో గోడను తర్వాత ఆనించి కట్టినట్టు. ఇటుక సైజు మారినా రాసుకోండి.

పెరడు చూడాల్సింది వానలు ఆగి నేల ఆరుతున్నప్పుడు. కింద పునాది ఉంటే పైన గడ్డి ముందే ఎండి పసుపు చారలా తేలుతుంది. ఒకసారి గుండ్రటి చార చూసి బురుజని సంబరపడ్డాను. తీరా అది శెనక్కాయల కళ్లం! పాత కుండపెంకులు కనబడితే ఏరకండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, చోటు గుర్తించండి.

తవ్వకం పురావస్తు శాఖ పని. నేలలో దాగిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాల్సిందే.