మరుగుదొడ్డిలో బూజు పదే పదే పడుతుంటే

వానలు మొదలైన కొద్ది రోజులకే మరుగుదొడ్డి గోడ మూలల్లో, కప్పు అంచుల్లో, టైల్స్ సందుల్లో నల్లటి చుక్కలు తేలడం, ఎంత రుద్ది కడిగినా కొన్ని వారాలకు సరిగ్గా అదే చోట మళ్లీ కనిపించడం చాలా ఇళ్లలో ఉన్న బాధే. అప్పుడు చాలామంది ఇంకా ఘాటైన మందు కోసం వెతుకుతారు. వెతకవలసింది మాత్రం తడి ఎక్కడినుంచి వస్తోందన్నది. బూజు సిద్ధబీజాలు (బూజు మొలిచే, విత్తనాల్లాంటి సన్నటి రేణువులు) గాలిలో ఎప్పుడూ ఉంటాయి, సబ్బు జిడ్డు, ఒంటి మురికి వాటికి ఆహారంగా సరిపోతాయి, ఈ రెండింటినీ పూర్తిగా ఆపడం ఎవరి తరమూ కాదు. తడిని మాత్రం ఆపగలం. తడిసిన చోటు 24 నుంచి 48 గంటల్లోపు పూర్తిగా ఆరిపోతే సాధారణంగా బూజు పట్టదు.

అందువల్ల చీపురు, బ్రష్షు పట్టుకునే ముందు చిన్న పరీక్ష ఒకటి చేయాలి. టైల్స్ అయిపోయిన చోటికి పైన, నీళ్లు చిందని చోట గోడను పొడిగుడ్డతో తుడిచి, సుమారు అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించి రెండు రోజులు వదిలేయండి. తరువాత షీటుకు గోడ వైపున చెమ్మ కనిపిస్తే నీరు గోడలోంచి ఊరుతోందని, గది వైపున మాత్రమే కనిపిస్తే గదిలోని ఆవిరి చల్లటి గోడ మీద నీరవుతోందని అర్థం. ఈ రెండింటికీ వైద్యం వేరు. గోడలోంచి ఊరే నీటికి ఎగ్జాస్టు ఫ్యాను పెట్టి లాభం లేదు, ఆవిరి వల్ల వచ్చే బూజుకు నేల తవ్వించడం దండగ.

తరువాత ఫ్లష్ ట్యాంకు చూడాలి. ట్యాంకు నీటిలో వంటల్లో వాడే రంగు కొద్దిగా కలిపి, అరగంట ఎవరూ ఫ్లష్ చేయకుండా చూసుకోండి. కమోడులోకి రంగు దిగితే లోపలి వాషరు అరిగినట్టే. సన్నగా జారే ఆ నీటి దారి ఎప్పటికీ ఆరదు కనుక అక్కడ నల్లటి చార మళ్లీ మళ్లీ పడుతుంది. ట్యాంకు కింద నీటిని కట్టే చిన్న కుళాయి, అంటే యాంగిల్ కాక్‌కు, పైపు బిగింపులకు పొడి టిష్యూ కాగితం చుట్టి గంట తరువాత తీసి చూస్తే, కంటికి ఆనని కారుడు కూడా కాగితం మెత్తబడడంతో తెలిసిపోతుంది.

అపార్టుమెంట్లలో మరో చిక్కు ఉంది. పైపులు పట్టడానికి మరుగుదొడ్డి శ్లాబును మిగతా గదులకంటే సుమారు అడుగు లోతుగా వేసి, ఇటుక ముక్కలతోనో మరొకదానితోనో నింపి, పైన టైల్స్ పరుస్తారు. టైల్స్ సందుల్లోని సిమెంటు రాలిపోయినా, లోపలి పైపు అతుకు వదులైనా నీరు ఆ గుంటలో చేరి, బయటికి పోయే దారి లేక గోడలోకి పైకి ఎక్కుతుంది. పక్క పడకగది గోడకు కింది భాగంలో రంగు ఉబ్బి తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే అనుమానించవలసింది దీనినే. మొదట పాత సిమెంటు గీకించి సందులన్నీ ఎపాక్సీ గ్రౌటుతో (నీరు పీల్చని సందు పూత) నింపించి కొన్ని వారాలు గమనించాలి. అప్పటికీ చెమ్మ తగ్గకపోతే నేల విప్పి వాటర్‌ప్రూఫింగ్ చేయించక తప్పదు. ఆ పని చేయించేటప్పుడు నేల వాటం నీళ్లు బయటికి పోయే జాలీ వైపు సరిగా ఉందో లేదో చెంబెడు నీళ్లు పోసి, మేస్త్రీ ఎదుటే చూసుకోవడం మంచిది.

ఆవిరే కారణమైతే పని తేలిక. దోమల కోసం వెంటిలేటరుకు అట్టముక్క కొట్టేసే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ. దాన్ని తీసేసి దోమల జాలీ బిగించండి. స్నానం అయ్యాక ఎగ్జాస్టు ఫ్యాను మరో అరగంట తిరగాలి, తలుపు కింద రెండు వేళ్ల సందైనా ఉండాలి, లేకపోతే ఫ్యాను లాగడానికి గాలే ఉండదు. కోస్తా జిల్లాల్లో వానాకాలపు బయటి గాలే చెమ్మగా ఉంటుంది కనుక, అక్కడ ఫ్యానుకంటే వైపరుతో గోడను, నేలను వెంటనే లాగేయడమే ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం.

ఇక శుభ్రం చేయడం. బోరు నీటి ఉప్పు గార గరుకుగా ఉండి బూజుకు పట్టు ఇస్తుంది కాబట్టి ముందు దాన్ని వదిలించాలి. కమోడు కడిగే ద్రవాలలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది బ్లీచింగ్ పౌడరుతో గానీ ద్రవ బ్లీచుతో గానీ కలిస్తే ప్రాణాపాయం కలిగించగల క్లోరిన్ వాయువు వెలువడుతుంది. దయచేసి ఈ రెండింటినీ ఒకే రోజు వాడకండి. ఒక రోజు గార తీసి బాగా నీళ్లు పోసి కడిగి, మరో రోజు గది తలుపు, వెంటిలేటరు తెరిచి, చేతి తొడుగులు, మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని, బూజును తడిపి (పొడిగా గీకితే సిద్ధబీజాలు ఇల్లంతా చేరతాయి) సబ్బు నీటితో రుద్దండి. తరువాత టైల్స్ మీద లీటరు నీటికి 60 మిల్లీలీటర్ల ద్రవ బ్లీచు కలిపి పూసి, పది నిమిషాలు ఉంచి కడిగి, ఆరబెట్టండి. కమోడు చుట్టూ ఉన్న సిలికాను నల్లబడితే మరక లోపలికి ఇంకినట్టే, దాన్ని కోసి తీసి కొత్తది పెట్టించాలి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి.

బూజు మీద నేరుగా రంగు వేయించవద్దు, కొద్ది రోజులకే పొర లేస్తుంది. మరమ్మతు తరువాత పైన చెప్పిన షీటు పరీక్ష మళ్లీ చేసి, గోడ వైపు చెమ్మ లేదని తేలాకే రంగు పనివారిని పిలవండి.