ముదురు వయసు కుక్కను జత కట్టించే ముందు జాగ్రత్తలు

ఆడకుక్కకు ఎద ఆగిపోయే వయసంటూ లేదు. పదేళ్లు దాటినా ఎదకు వస్తూనే ఉంటుంది, ఎదకూ ఎదకూ మధ్య ఎడం పెరుగుతుందంతే. ఎదకొచ్చింది కదా, పిల్లల్ని మోస్తుందిలే అనుకుంటేనే ప్రమాదం. ఐదారేళ్లు దాటాక ఈతకు పుట్టే పిల్లలు తగ్గుతాయి, చచ్చి పుట్టేవి పెరుగుతాయి. ఆ వయసులో తొలిచూలు మాత్రం వద్దే వద్దు. జాతికుక్కల్ని నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ అయితే, ఈనే నాటికి 8 ఏళ్లు నిండిన తల్లి పిల్లల్ని సాధారణంగా రిజిస్టర్ చేయదు.

పెద్ద వయసు కుక్కతో లాభం లేదని కాదు. గుండె కవాటాల జబ్బు, వంశంలో వచ్చే కొన్ని కంటి జబ్బులు నడివయసు దాటాకే బయటపడతాయి. తొమ్మిదేళ్లకూ హుషారుగా తిరిగే కుక్క వంశానికి విలువ ఎక్కువే. ఆ లాభాన్ని మగకుక్క వైపు నుంచి తీసుకోండి, చూలు మోసే కష్టం దానికి లేదు. ప్రోస్టేట్ గ్రంథి (వీర్యానికి ద్రవం అందించేది) వాచిందేమో చూపించి, వీర్యం పరీక్ష చేయించండి. వీర్యకణాలు తయారవడానికి సుమారు రెండు నెలలు పడుతుంది కాబట్టి జ్వరం వచ్చి తగ్గిన కుక్కను ఆ గడువు దాటాకే మళ్లీ పరీక్షించాలి. మంచి వయసులోనే వీర్యం తీసి గడ్డకట్టించి దాచడం అన్నిటికంటే మేలు.

ఆడకుక్కనే జత కట్టించాలనుకుంటే, ఎదకు నెల ముందే మూత్రపిండాలు, కాలేయం, గుండె చూపించండి. స్కానింగ్‌లో గర్భసంచి గోడలో నీటితిత్తులు కనబడినా, పొదుగులో గడ్డ తగిలినా అక్కడితో ఆపేయండి. చూలు పోగొట్టే బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా పరీక్ష ఆడ, మగ రెండిటికీ తప్పదు, అది మనుషులకూ అంటుతుంది.

ఎదలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్‌కు రక్తపరీక్షలు వరుసగా చేయించాలి. మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల దగ్గరకు చేరితే అండం విడుదలైనట్టు లెక్క, రెండు రోజులాగి జత కట్టించండి. అండం విడుదలైన తేదీ రాసిపెట్టుకోండి, ఈత దానికి 63 రోజులకు అటూ ఇటూ. ముదురు కుక్కకు ఈ లెక్క ప్రాణం లాంటిది. ఎందుకంటే నొప్పులు మొదలవ్వాలని సంకేతం ఇచ్చేది కడుపులోని పిల్లలే. ఒకటో రెండో ఉంటే ఆ సంకేతం చాలదు, నొప్పులు రావు, గడువు దాటి పిల్ల లోపలే చనిపోతుంది. 28వ రోజు స్కానింగ్‌లో చూలు తెలుస్తుంది, 55వ రోజు దాటాక ఎక్స్‌రేలో తలలు లెక్కపెట్టొచ్చు. ఒక్క పిల్లే ఉంటే సిజేరియన్ తేదీ ముందే మాట్లాడుకోండి.

చూలుతో ఉండగా కాల్షియం మాత్రలు వేయకండి. బయటి నుంచి అందితే ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే శక్తి మందగిస్తుంది, పాలిచ్చే రోజుల్లో రక్తంలో అది పడిపోయి మూర్ఛలొస్తాయి.

చివరి వారం రోజుకు రెండు మూడుసార్లు ఉష్ణోగ్రత చూడండి. 37.2 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే సాధారణంగా 24 గంటల్లో ఈనుతుంది. గట్టిగా ముక్కుతూ అరగంటైనా పిల్ల రాకపోయినా, లోపల ఇంకా పిల్లలుండగా రెండు గంటలు గడిచినా, తొలి పిల్లకు ముందే ఆకుపచ్చ స్రావం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వయసు పైబడిన గర్భసంచి మధ్యలోనే అలిసిపోతుంది, ఇంకాస్త చూద్దామని ఆగకండి.

చూలు నిలవకపోయినా ఎద తర్వాత రెండు నెలలు కనిపెట్టి ఉండాలి. నీళ్లు ఎక్కువ తాగుతూ, తిండి మానేసి, నీరసంగా ఉంటే గర్భసంచిలో చీము పట్టిందేమో చూపించండి. స్రావం బయటికి రాకపోతే మరింత ప్రమాదం. ఆఖరి ఈత పిల్లలు పాలు మాని, పొదుగు ఎండాక, మళ్లీ ఎదకు రాకముందే గర్భసంచి తీయించేయండి.