సరస్సు లోతుకు గాలం – 3వ పాఠం: ఇంట్లో చేసుకునే గుండు

పోయిన పాఠం చివర మీకు ఒక చిన్న పని అప్పజెప్పాను. స్ప్రింగు త్రాసుకు ఒక ఇటుకను వేలాడదీసి ముందు గాలిలో, తర్వాత బకెట్ నీళ్లలో ముంచి తూచమన్నాను. చేసినవారికి ఈ పాఠంలో సగం ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. రెండు కిలోల ఇటుక నీళ్లలో కిలోకు అటూ ఇటూగా మాత్రమే తూగుతుంది. మన బరువుల బేరమంతా ఆ రెండో తూకంతోనే.

కొత్తగా చేరినవారి కోసం రెండు మాటలు. మనం చెప్పుకుంటున్నది అమెరికాలోని మిషిగన్ సరస్సులో, నెమ్మదిగా కదిలే పడవ వెనక గాలాన్ని ఈడ్చుకుంటూ సాల్మన్ పట్టడం గురించి. దీన్నే ఇక్కడ ట్రోలింగ్ అంటారు. నిజానికి ఈ సరస్సుకు సాల్మన్ స్థానిక చేప కాదు. అట్లాంటిక్ వైపు నుంచి కాలువల గుండా చొరబడిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేప విపరీతంగా పెరిగిపోవడంతో, దాన్ని తినే చేప కావాలని మిషిగన్ రాష్ట్రం 1966లో కోహో సాల్మన్ పిల్లలను, మరుసటి ఏడాది చినూక్ అనే మరో రకం సాల్మన్ పిల్లలను తెచ్చి వాగుల్లో వదిలింది. వేసవిలో పైనీళ్లు వేడెక్కగానే చినూక్ 12 డిగ్రీల ప్రాంతపు చల్లని పొరను వెతుక్కుంటూ కిందికి దిగిపోతుంది. అక్కడికి మామూలు గాలపు సీసం చాలదు. అందుకే పడవ అంచున గిలక లాంటి డౌన్‌రిగ్గర్, దాని ఉక్కు తీగ చివర బరువైన గుండు, అక్కడే పట్టుకారు లాంటి ఒక క్లిప్పు, ఆ క్లిప్పులో గాలపు తాడు. చేప పట్టి లాగగానే తాడు క్లిప్పులోంచి ఊడిపోతుంది. ఆ తర్వాత గుండుతో పనిలేదు, పోరు మీకూ చేపకూ మధ్యే.

ఈ గుండును ఇక్కడివారు కానన్‌బాల్ అంటారు. అచ్చంగా మన ఫిరంగి గుండే. సాధారణంగా 8 నుంచి 12 పౌండ్లు, అంటే మూడున్నర నుంచి అయిదున్నర కిలోలు ఉంటుంది. అడుగున రాళ్లకు తగులుకుని ఒకే వేసవిలో రెండు పోగొట్టుకున్నాక ఇంట్లోనే చేసుకోవాలన్న బుద్ధి నాకు పుట్టింది. మొదట కాంక్రీటుతో చేశాను. చవక, పైగా పిల్లల బంతిలో పోస్తే గుండ్రంగా వస్తుంది. పది పౌండ్లు సరిగ్గా తూగింది. నీళ్లలో వేశాక దాని సంగతి బయటపడింది. తీగ నిలువుగా దిగకుండా పడవ వెనక్కి వాలిపోయింది.

ఎందుకో లెక్క చూడండి. సీసం నీటికన్నా 11.3 రెట్లు బరువు, పోత ఇనుము 7.2 రెట్లు, కాంక్రీటు సుమారు 2.4 రెట్లు. పది పౌండ్ల సీసపు గుండు అడ్డుకొలత 9 సెంటీమీటర్లు. అదే బరువున్న కాంక్రీటు గుండుకు 15. ఒకటి కొబ్బరికాయ లోపలి కుడక అనుకుంటే, రెండోది పీచు తీయని కాయ. నీటికి ఎదురయ్యే ముఖం 2.8 రెట్లు పెరిగింది. దానికి తోడు, నీళ్లలో సీసం 4.1 కిలోలు తూగితే కాంక్రీటు 2.6 మాత్రమే. ఈ రెండూ కలిస్తే కాంక్రీటు గుండు వెనక్కి వాలే గుణం సీసానికి నాలుగు రెట్లు దాటుతుంది. వేగం రెట్టింపైతే నీటి నిరోధం నాలుగింతలవుతుందని కూడా గుర్తుంచుకోండి. మనం గంటకు నాలుగు కిలోమీటర్ల ప్రాంతంలో నడుపుతాం కాబట్టి కాస్త వేగం పెంచినా తీగ వాలు తెలిసిపోతుంది.

వాలితే ఏమవుతుంది? డౌన్‌రిగ్గర్ మీద ఉండే మీటరు వదిలిన తీగ పొడవునే చెబుతుంది, లోతును కాదు. 25 మీటర్లు వదిలాక తీగ 30 డిగ్రీలు వాలితే గుండు ఉన్నది 21.6 మీటర్ల లోతులో. చేప ఉన్న పొరకు మూడు మీటర్లు పైన మీ ఎర ఊరేగుతుంటుంది. ఆ పొర ఎక్కడుందో తెలుసుకోవడానికి పోయిన పాఠంలో అంత కష్టపడి ఉష్ణోగ్రత కొలవడం దేనికి మరి?

సీసం కరగబోసి పోతపోయడం పాత పద్ధతి. నేను నేర్పను. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆ వేడి ఇంట్లో పుట్టించడం కష్టమేమీ కాదు. కష్టమల్లా తడితోనే. అచ్చులో ఒక్క నీటిచుక్క మిగిలినా అది క్షణంలో ఆవిరై కరిగిన లోహాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. పొగ, బూడిద పిల్లలున్న ఇంటికి అసలే పనికిరావు. మరో దారి ఉంది. వేట తూటాల్లో నింపే సీసపు గుళ్లు, ఆవగింజకన్నా కాస్త పెద్దవి, 25 పౌండ్ల సంచుల్లో దొరుకుతాయి. మన విసురు వల అంచుకు కట్టే సీసపు గుళ్లకు ఇవి చిన్న తమ్ముళ్లు. వీటిని ఎపాక్సీ అనే, రాయిలా గట్టిపడే జిగురుతో కలిపి ఇనుప పైపులో బిగిస్తాం. గుళ్ల మధ్య సందులు నలభై శాతం దాకా ఉంటాయి కాబట్టి ఈ ముద్ద నీటికన్నా ఏడు రెట్లే బరువు, అంటే పోత ఇనుముతో సమానం. ఆ తక్కువను ఆకారంతో పూడ్చుకుంటాం. గుండ్రటి బంతికి బదులు పొడవాటి చేప ఆకారం.

షెడ్యూల్ 40 రకం (గోడ మందాన్ని బట్టి పైపులకు పెట్టే పేరు) రెండంగుళాల పైపు తీసుకోండి. పేరుకు రెండంగుళాలే గానీ బయటి కొలత 60 మిల్లీమీటర్లు ఉంటుంది. 20 సెంటీమీటర్ల ముక్క కోసి, లోపలి నూనె జిడ్డును అసిటోన్‌తో తుడిచి, గరుకు కాగితంతో రుద్దండి. జిడ్డు ఉంటే ఎపాక్సీ అతుక్కోదు. వెనక కొసన నిలువుగా ఆరు సెంటీమీటర్ల గాడి రెండు వైపులా హ్యాక్‌సాతో కోయండి. మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు ఆ గాడిలో బిగుతుగా కూర్చోవాలి, అదే తోక. పది సెంటీమీటర్ల ఎత్తు, పైపు దాటి మరో పది వెనక్కి ఉంటే చాలు. అంచులు ఆకురాయితో గుండ్రం చేయండి, లేకపోతే మొదట తెగేది మీ వేలే.

ముందు భాగానికి పాత టెన్నిస్ బంతిని సగానికి కోసి పైపుకు తొడిగి, టేపు గట్టిగా చుట్టండి. ఇది మూతికి అచ్చు. చదును మూతి నీటిని తోసుకుంటూ పోతుంది, గుండ్రటి మూతి చీల్చుకుపోతుంది. చేప మూతి చదునుగా లేకపోవడం ఊరికే కాదు.

ఇక్కడ తొందరపడకండి. ఎపాక్సీ పోయకముందే తోక పెట్టి, గాడిని మైనపు మట్టితో మూసి, గుళ్లు పొడిగానే నింపి, వెనక కొసకు టేపు వేసి, మొత్తాన్ని ఒక సన్నటి కడ్డీ మీద అడ్డంగా నిలబెట్టండి. ఎక్కడ సమంగా నిలుస్తుందో అక్కడ పైపు పైభాగాన గీత పెట్టండి. తీగ తగిలించే చోటు అదే. ముందుకు జరిపితే మూతి పైకి లేస్తుంది. మూతి లేచిన గుండు నీళ్లలో గాలిపటం. తప్పితే ఒక రెండు మిల్లీమీటర్లు వెనక్కే తప్పనివ్వండి, మూతి కాస్త వంగి కిందికి దూసుకుపోతుంది. ఇప్పుడు గుళ్లన్నీ తీసేసి, గీత దగ్గర పైనుంచి కిందికి ఆరపార తొలిచి, తల దగ్గర ఉంగరం ఉన్న స్టెయిన్‌లెస్ బోల్టును దూర్చి కింద నట్టు బిగించండి. కడుపులోంచి పోయే ఈ బోల్టు ఆ ముద్దను ఎప్పటికీ జారనివ్వదు.

పోత రోజున పైపును మూతి కిందికి ఉండేలా ఇసుక బకెట్‌లో గుచ్చండి. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ 200 మిల్లీలీటర్లు, గుళ్లు 3.2 కిలోలు. ముందు కొంచెం ఎపాక్సీ, తర్వాత గుళ్లు, పైపును చెక్కతో తడుతూ బుడగలు పైకి రానివ్వడం, మళ్లీ ఎపాక్సీ. ఇదే వరుస. నా మొదటి ప్రయత్నంలో ఆత్రంతో అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం వాడాను. గుళ్లు దిగకముందే అది వేడెక్కి పొగలు కక్కింది, సగం పైపు ఖాళీగానే ఉండిపోయింది. రెండోసారి ఒక రాత్రంతా ఆగాను. చేతికి తొడుగులు ఉండాలి, పనయ్యాక సబ్బుతో చేతులు కడగాలి, వాడిన గిన్నె మళ్లీ వంటగది గడప తొక్కకూడదు. చెదిరిన గుళ్లను ఊడ్చకండి, తడిగుడ్డతో ఏరండి.

మర్నాడు బంతి ఊడదీసి తూచండి. బోల్టు, తోకతో కలిపి నాలుగున్నర కిలోలు దాటి వంద, నూటయాభై గ్రాములు తేడాగా వస్తుంది. ఒక సంచితో ఇలాంటివి మూడు అవుతాయి. మీ డౌన్‌రిగ్గర్ ఎంత బరువు మోయగలదో దాని మీదే రాసి ఉంటుంది, ముందు అది చూసుకోండి. తుప్పు పట్టకుండా రెండు పూతలు రంగు వేయండి. ఏ రంగు అన్నది పడవకొక సిద్ధాంతం, నాది నలుపు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఔన్సు (సుమారు 28 గ్రాములు), అంతకన్నా తక్కువ బరువున్న గాలపు సీసం నిషేధం, లూన్ అనే నీటి పక్షులు మింగి చచ్చిపోతాయని. మనది మింగే పరిమాణం కాదు గానీ, పోగొట్టుకున్న ప్రతి గుండూ సరస్సు అడుగునే ఉంటుంది కాబట్టి రాతి నేల మీద ఒక మీటరు పైనే ఉంచండి.

వచ్చే పాఠానికి ముందు ఒక పని. తోక వెనక అంచును శ్రావణంతో రవ్వంత పక్కకు వంచి, గుండును లోతులేని చోట రెండు మీటర్ల తీగతో నెమ్మదిగా ఈడ్చి చూడండి. వంచిన వైపుకే అది తప్పుకుంటుంది. రెండు గుండ్లు దించేవారికి ఒకదాన్ని ఎడమకు, ఒకదాన్ని కుడికి పంపి తీగలు మెలిపడకుండా చూసుకునే వీలు అందులోనే ఉంది. తోక మీది మూలన చిన్న రంధ్రం కూడా తొలిచి ఉంచండి, 4వ పాఠంలో క్లిప్పును అక్కడే కడతాం.