గిరి ప్రదక్షిణకు ముందు, పైకి కనిపించని జబ్బున్నవాళ్లకి

ఆషాఢ పౌర్ణమి దగ్గరపడింది. సింహాచలం చుట్టూ 32 కిలోమీటర్లు. కీళ్లవాతం, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిమీద దాడి చేసే జబ్బు) ఉన్నవాళ్లం గుంపుతో కలిసి నడవాలంటే:

– ఉపవాసమని స్టెరాయిడ్ మాత్ర మానొద్దు. చాన్నాళ్లుగా రోజూ వేసుకుంటున్నది హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

– నడక మొదలయ్యే తొలిపావంచా (కొండ కింది తొలి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టకముందే గుంపులో ఒక్కరికైనా సంగతి చెప్పండి. చెప్పకుండా దారిలో ఏ హనుమంతవాకలోనో కూలబడితే "నాటకాలు" అంటారు. నేను పడ్డాను ఆ మాట.

– లూపస్ అయితే పొద్దువాలాకే బయల్దేరండి. ఎండకు జబ్బు తిరగబెడుతుంది.

– ఎక్కడ ఆగిపోతారో ముందే అనుకోండి. దారి మధ్యలో వచ్చే అప్పూఘర్ దాకా నడిచినా నడకే.

– "చూడ్డానికి బాగానే ఉన్నావుగా!" అనే పిన్నిగార్లు ఉంటారు. "డాక్టరు ఇంతవరకే అన్నారండీ" చాలు. వాదిస్తే ఓపిక అక్కడే అయిపోతుంది.