షెల్టర్‌లో ఒక గది ఖాళీ చేయించడం ఎలా

కుక్కల షెల్టర్‌కి ఎక్కువగా వచ్చే ఫోన్ ఇది: "ఆదివారం మా బాబు పుట్టినరోజండీ, కుక్కలకి భోజనం పెట్టించొచ్చా?" పెట్టించొచ్చు, సంతోషం. కానీ ఆదివారానికి ముగ్గురు నలుగురు అడుగుతారు, మంగళవారానికి అడిగేవాళ్లుండరు. పుట్టినరోజు ఎప్పుడొచ్చినా భోజనం మాత్రం వారం మధ్యలో రాయించండి. కుక్కలకి తిథి పట్టింపు లేదు.

నేను హైదరాబాద్ మల్కాజిగిరిలో ఒక చిట్‌ఫండ్ ఆఫీసులో లెక్కలు చూస్తాను. సెలవు రోజుల్లో నగర శివారులో ఒక షెల్టర్‌లో దత్తతల పని చూస్తాను. ఫొటోలు తీయడం, వివరాలు రాయడం, ఫోన్లు ఎత్తడం, ఇల్లు చూసి రావడం అన్నీ నావే. ఈ కుర్చీలోంచి చూస్తే షెల్టర్‌కి కావలసింది ఒక్కటే. లోపలున్న కుక్క ఒక ఇంటికి వెళ్లాలి. అది వెళ్తే గది ఖాళీ అవుతుంది, అందులోకి లారీ కింద పడి నడుం విరిగిన ఇంకో కుక్క వస్తుంది. గది ఖాళీ లేకపోతే స్టోర్‌రూమ్‌లో ఎన్ని బియ్యం బస్తాలున్నా "స్థలం లేదండీ" అని ఫోన్ పెట్టేయాల్సిందే. కాబట్టి మీరు చేసే ఏ సాయమైనా, దీనివల్ల ఒక కుక్క బయటికి వెళ్తుందా అని ఒకసారి అడిగి చూసుకోండి.

అసలు లోపల ఎవరుంటారో చాలామందికి తెలియదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న వీధికుక్కని పట్టుకుంటే ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. చెవి కొస కత్తిరించి ఉందంటే ఆ ఆపరేషన్ అయిపోయిందని గుర్తు. కాబట్టి షెల్టర్లలో మిగిలేది కాలు పోయినవి, చూపు పోయినవి, తల్లి లేని కూనలు, ఇల్లు మారుతూ ఎవరో గేటుకి కట్టేసి వెళ్లిన ల్యాబ్‌లు, హస్కీలు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కల్ని తీసి షెల్టర్లకి తరలించాలని, మళ్లీ అక్కడ వదలొద్దని చెప్పాక జాగా మీద ఒత్తిడి ఇంకా పెరిగింది. అదే సంవత్సరం ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో పనికొచ్చే మాట ఒకటుంది. వీధికుక్కని పెంచుకుంటామనేవాళ్లు కార్పొరేషన్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు, తీసుకున్నాక అది మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదే. అదే నెలలో జీహెచ్‌ఎంసీ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో నాటు కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. ఇలాంటివి పొద్దున్నే జరిగి తొమ్మిది పదికల్లా అయిపోతాయి. వెళ్తే త్వరగా వెళ్లండి.

తెచ్చే సామాన్ల సంగతి

ముందు ఫోన్ చేసి ఏం కావాలో అడగండి. పెళ్లిలో మిగిలిన బిర్యానీ డేగిసా మాత్రం ఆటోలో వేసుకుని రాకండి. అందులో ఉల్లిపాయ ఉంటుంది, అది కుక్క రక్తంలో ఎర్ర కణాల్ని దెబ్బతీస్తుంది. ఉడికిన కోడి ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది. మా వంటపెద్ద అన్నంలో ఎముకల్లేని చికెన్, గుమ్మడికాయ వేసి ఉప్పు, మసాలా లేకుండా ఉడికిస్తుంది. బియ్యం, చికెన్ డబ్బులు ఇస్తే మిగతాది ఆవిడ చూసుకుంటుంది.

ఫినాయిల్ క్యాన్లు కూడా అంతే. ఫినాల్ ఉన్నవి పిల్లులకి విషం, నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు. మాకు కావలసింది బ్లీచ్. కూనల ప్రాణం తీసే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫ్లోర్ క్లీనర్‌కి చావదు, బ్లీచింగ్ ద్రావణానికి చస్తుంది. పాత దుప్పట్లు, టవళ్లు, న్యూస్‌పేపర్లు ఎన్నయినా పనికొస్తాయి. దిండ్లు, దూది బొంతలు వద్దు, చింపి దూది మింగేస్తాయి.

డబ్బు విషయంలో నా వృత్తి బుద్ధి చూపిస్తాను. ఒకేసారి ఇచ్చే పాతిక వేల కన్నా నెలనెలా పడే ఐదొందలు మేలు. కుక్కల్ని చూసుకునే మనుషుల జీతాలకి, మందుల షాపుకి, అంబులెన్స్ డీజిల్‌కి లెక్క వేసుకోవచ్చు. సంస్థకి విరాళాల మీద పన్ను మినహాయింపు గుర్తింపు (80జి అంటారు) ఉంటే మీరిచ్చినదాంట్లో సగానికి పన్ను మినహాయింపు వస్తుంది. అయితే పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే వస్తుంది, రెండు వేలు దాటిన నగదుకి అసలు రాదు. యూపీఐ చేసి, పాన్ నంబరిచ్చి, ఆర్థిక సంవత్సరం అయ్యాక విరాళం సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. అమెరికాలో ఉన్న మన పిల్లలు పంపుతామంటే ఒక్క ప్రశ్న వేయండి: ఇంకా ఇండియా పాస్‌పోర్టేనా? అయితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు ఉన్న సంస్థే, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోనే తీసుకోవాలి. చిన్న షెల్టర్లకి ఆ నమోదు ఉండదు, అడగకుండా పంపితే చిక్కుల్లో పడేది వాళ్లు.

చేతులతో పని చేస్తామనేవాళ్లు ముందు రేబిస్ ముందస్తు టీకాలు వేయించుకోండి. మొదటి రోజు, ఏడో రోజు, మళ్లీ ఇరవై ఒకటో లేదా ఇరవై ఎనిమిదో రోజు, మొత్తం మూడు. టీకా వేసుకున్నా సరే, పన్ను దిగితే పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి కుక్కకాటు టీకాలు వేసే నారాయణగూడ ఐపీఎంకో, దగ్గరున్న ఆసుపత్రికో వెళ్లాల్సిందే. పసుపు, కారం అద్దేవాళ్ల మాట వినకండి.

ఫొటో, నాలుగు వాక్యాలు

కుక్కని ఇంటికి పంపేది ఇవే. ఫోన్ ఉన్న ఎవరైనా చేయగల పని, ఇంట్లో కూర్చుని కూడా చేయొచ్చు.

మా దగ్గర కాటుక అని నల్లటి ఆడకుక్క ఉంది. నల్లకుక్కని హడావిడిగా ఫొటో తీస్తే రెండు కళ్లున్న బొగ్గుముద్ద వస్తుంది. దాన్ని పొద్దున ఎండ ముదరకముందు బయటికి తేవాలి, నీడలో, వెల్ల వేసిన గోడ ముందు నిలబెట్టాలి. మీరు మోకాళ్ల మీద కూర్చోవాలి, పైనుంచి తీస్తే ఏ కుక్కయినా భయపడుతున్నట్టే కనిపిస్తుంది. ఫోన్ తెర మీద దాని మొహం దగ్గర వేలు పెట్టి వెలుగు కాస్త పెంచండి. మీ వెనక నిలబడ్డ మనిషి బిస్కెట్ ప్యాకెట్ ఒక్కసారి చప్పుడు చేయాలి. చెవులు లేస్తాయి, నోరు మూసుకుంటుంది, తల పక్కకి వంగుతుంది. ఆ క్షణంలో నొక్కేయండి. రెండోసారి చప్పుడు చేస్తే మీద పడుతుంది కాబట్టి బిస్కెట్ ఇచ్చేయడమే. మెడకి ఎర్ర చున్నీ ముక్క కడితే నలుపు మెరుస్తుంది. ఊచల వెనక నుంచి మాత్రం తీయొద్దు. ఇంకో ఫొటోలో పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టండి, ఎంత ఎత్తుందో తెలుస్తుంది.

తర్వాత రాత. "పాపం ఈ మూగజీవి కన్నీళ్లు మీకు కనబడవా" అని రాస్తే ఏడుపు బొమ్మలు వందల్లో వస్తాయి, ఫోన్ ఒక్కటీ రాదు. కాటుకకి నేను రాసింది ఇది:

"కాటుక. ఆడది, సుమారు నాలుగేళ్లు, పదహారు కిలోలు. ఆపరేషన్, టీకాలు అయ్యాయి. ఎడమ వెనక కాలు కొంచెం ఈడుస్తుంది, మెట్లు ఎక్కగలదు. గొలుసు పట్టుకుంటే పక్కనే నడుస్తుంది. పిల్లులంటే పడదు. ఉరిమితే మంచం కిందికి దూరుతుంది. పొద్దున, సాయంత్రం బయటికి తిప్పే ఇల్లు కావాలి."

ఇందులో అన్నిటికన్నా పనికొచ్చే వాక్యం పిల్లుల గురించిన వాక్యం. లోపం దాచి పంపిన కుక్క వారంలో తిరిగొస్తుంది. ఊరి పేరు, షెల్టర్ నంబరు, రాసిన తేదీ తప్పనిసరి. లేకపోతే ఇల్లు దొరికిన కుక్క పోస్టు రెండేళ్లపాటు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది.

కాటుకకి శనివారాలు తెగ గిరాకీ. శనిదోషం పోవాలని నూనె రాసిన రొట్టెలు పట్టుకుని నల్లకుక్కని వెతుక్కుంటూ వస్తారు. కాలభైరవుడి వాహనమని దండం కూడా పెడతారు. "ఇంటికి తీసుకెళ్తారా అమ్మా?" అంటే "నలుపు కదమ్మా, మా ఇంట్లో ఒప్పుకోరు" అంటారు. వాళ్లతో నేను వాదించను. రొట్టె తీసుకుని, నూనె తుడిచి, ఫొటో ఉన్న కాగితం ఒకటి చేతిలో పెడతాను.

ఫోన్ ఎత్తినవాళ్లు అడగాల్సినవి

"బ్రీడ్ ఏమైనా ఉందా మేడమ్?" అనేది మొదటి ప్రశ్న. నాటు కుక్క మన ఎండకి పుట్టింది, పొట్టి బొచ్చు అని చెప్పండి. దబాయించొద్దు, ఒకసారి వచ్చి చూడమనండి.

"శామీర్‌పేట దగ్గర ఫామ్‌హౌస్ ఉంది, కాపలాకి కావాలి." దీనికి నా ప్రశ్న: "సోమవారం నుంచి శుక్రవారం దాకా దానికి అన్నం ఎవరు పెడతారు సార్?" చాలా ఫోన్లు ఇక్కడే ఆగిపోతాయి. ఆగిపోనివ్వండి.

సంక్రాంతికి ఊరెళ్తే కుక్క ఎక్కడుంటుంది? ఇది తప్పకుండా అడగండి. పండక్కి ముందు వారం "నాలుగు రోజులు ఉంచుకుంటారా" అని తెచ్చి, తర్వాత ఫోన్ ఎత్తనివాళ్లు ఉంటారు. అద్దె ఇల్లైతే ఓనర్‌తో మనమే మాట్లాడాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కుక్కల్ని పెంచొద్దని తీర్మానం చేయడానికి వీల్లేదు, జంతు సంక్షేమ బోర్డు 2015లోనే ఆ సంగతి స్పష్టంగా చెప్పింది. అయినా లిఫ్ట్‌లో గొడవ పడి గెలిచే కన్నా సెక్రటరీకి ముందే ఒక మాట చెప్పడం మంచిది. కార్పొరేషన్ లైసెన్సు, టీకా పుస్తకం చేతిలో ఉంటే ఆ మాట సులువవుతుంది.

ఇంటికి వెళ్లినప్పుడు నేను నేరుగా పెద్దావిడ దగ్గరికే వెళ్తాను. "అమ్మా, మీకు ఇష్టమేనా?" వంటింట్లోకి, పూజగదిలోకి రాకూడదు అంటే మంచిదే, గుమ్మానికి చిన్న గేటు పెట్టుకుంటే సరిపోతుంది. "నా అభిప్రాయం ఎవరడిగారులే" అంటే మాత్రం ఆరోజు కుక్కని ఇవ్వను.

తీసుకెళ్లాక

కూన అయితే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల దాకా బూస్టర్లు, మూడు నెలలకి రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దించకండి, పార్వో అక్కడే అంటుకుంటుంది. పిడుదులకి మందు వానాకాలంలో మర్చిపోవద్దు. తిండి మానేసి, జ్వరమొచ్చి, చిగుళ్లు పాలిపోతే టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం) అనుకుని వెంటనే రక్తపరీక్ష చేయించండి.

పెద్ద కుక్క మొదటి మూడు రోజులు మూల వదలకపోవచ్చు, తినకపోవచ్చు. టెన్షన్ పడకండి. చుట్టాల్ని పిలిచి చూపించకండి, స్నానం చేయించకండి. ఇల్లు తనదని అది నమ్మడానికి మూడు వారాలు పడుతుంది, అసలు స్వభావం బయటపడటానికి మూడు నెలలు. ఈలోపు తలుపు తీసేటప్పుడు గొలుసు చేతిలో ఉండాలి. కొత్త ఇంటి నుంచి పారిపోయే కుక్కలు ఎక్కువగా కొరియర్ అబ్బాయి వచ్చినప్పుడే పారిపోతాయి.

శాశ్వతంగా పెంచుకోలేం అనేవాళ్లు కొన్ని వారాలు ఉంచుకుని ఇవ్వండి. దీన్ని మేం ఫోస్టర్ అంటాం. చలికాలంలో కూనలు ఎక్కువగా వస్తాయి. టీకాల్లేని కూనని షెల్టర్‌లో పెడితే పార్వోతో పోతుంది, మీ బాల్కనీలో అయితే బతుకుతుంది. తల్లి దగ్గరున్న కూనల్ని మాత్రం జాలిపడి తీసుకురాకండి. తల్లికి తిండి పెట్టి, ఆపరేషన్‌కి మాకు ఫోన్ చేయండి.

కుదరకపోతే షెల్టర్‌కే తిరిగివ్వండి, ఎవరూ తిట్టరు. రోడ్డు మీద వదిలేయడం మాత్రం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మేం మధ్యమధ్యలో ఫోన్ చేస్తాం, ఎత్తండి. దీపావళికి ముందు వారం మళ్లీ చేస్తాం, మెడలో మీ నంబరున్న బిళ్ల ఉందా అని అడగడానికి. ఆ రాత్రి దాన్ని లోపలి గదిలో ఉంచి, కిటికీలు మూసి, టీవీ సౌండ్ కాస్త పెంచండి. బయటికి తిప్పడం సాయంత్రం ఐదులోపే అయిపోవాలి.