వాగులు పొంగకముందే: మన్యంలో వానాకాలపు కాన్పుకు జాగ్రత్తలు

ఇంట్లో నెలలు నిండుతున్న గర్భిణి ఉంది. ఊరికీ తారురోడ్డుకీ మధ్య ఒక గెడ్డ (వాగు) ఉంది. అలాంటి ఇంటివాళ్లు జూన్ నుంచి అక్టోబరు దాకా గుర్తుంచుకోవాల్సిన మాట ఒక్కటే. నొప్పులు వచ్చేదాకా చూడొద్దు, దారి ఉండగానే కిందికి దిగండి.

కాన్పులో తల్లి ప్రాణం తీసేవి ముఖ్యంగా మూడు: అధిక రక్తస్రావం, బీపీ పెరిగి వచ్చే గుర్రపువాతం (ఫిట్స్), ఒంట్లో చీము పట్టడం. మూడింటికీ ఆసుపత్రిలో మందు ఉంది. కానీ బిడ్డ పుట్టాక ఆగని రక్తస్రావం రెండు గంటల్లోపే ప్రాణం తీయగలదు. డోలీలో, అంటే కర్రకు కట్టిన దుప్పటిలో మోసుకుని, రోడ్డుకు చేరడానికే రెండు గంటలు పట్టే ఊళ్లో, రక్తం పోవడం మొదలయ్యాక చేయగలిగింది చాలా తక్కువ.

ముందు తేదీ తేల్చుకోండి

చివరి నెలసరి మొదలైన రోజుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. నెలసరి నవంబరు 10న అయితే కాన్పు తేదీ ఆగస్టు 17. 37 వారాలు నిండేది దానికి మూడు వారాల ముందు, అంటే జులై 27న. ఆ రోజు నుంచి ఎప్పుడైనా కాన్పు కావచ్చు. రాసిచ్చిన తేదీనే కనేవాళ్లు నూటికి ఐదుగురు కూడా ఉండరు. కాబట్టి 'ఇంకా పది రోజులుంది కదా' అన్న లెక్క పనికిరాదు.

నెలసరి తేదీ గుర్తులేకపోతే పండగలు పట్టుకుని అడగండి. సంక్రాంతికి ముందా, ఇటుకల పండగ తర్వాతా అంటే చాలామందికి గుర్తొస్తుంది. మూడు నెలల్లోపు తీసిన స్కానింగు తేదీని ఒక వారం అటూ ఇటూగా చెబుతుంది. ఎనిమిదో నెలలో తీసిన స్కానింగు చెప్పే తేదీ మూడు వారాలు తప్పినా తప్పొచ్చు. రెండు స్కానింగుల్లో రెండు తేదీలు ఉంటే మొదటిదాన్నే నమ్మాలి.

ఆ తేదీని, 37 వారాలు నిండే రోజును తల్లీబిడ్డల సంరక్షణ కార్డు మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. ఆశా కార్యకర్తలు తమ పరిధిలో జూన్ నుంచి అక్టోబరు లోపు కాన్పు కావాల్సిన వాళ్ల జాబితాను మే నెలలోనే సిద్ధం చేసుకోవాలి. ప్రతి పేరు ఎదురుగా రోడ్డుకు ఎంత దూరమో, మధ్యలో ఎన్ని గెడ్డలున్నాయో రాసుకోవాలి. ఆ రెండూ లేని జాబితా వానాకాలంలో పెద్దగా పనికిరాదు.

ఎప్పుడు దిగాలి, ఎక్కడ ఉండాలి

మామూలు గర్భిణి అయితే 37 వారాలు నిండేసరికి కిందికి వచ్చేయాలి. ఇంతకుముందు ఆపరేషన్ అయినవాళ్లు, కవలలు ఉన్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, బిడ్డ అడ్డం తిరిగినవాళ్లు, రక్తం బాగా తక్కువున్నవాళ్లు, పోయిన కాన్పులో రక్తస్రావమో బిడ్డ చనిపోవడమో జరిగినవాళ్లు ఇంకా ముందే, వైద్యులు చెప్పిన వారానికి, దిగాలి. వీళ్లు పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) దగ్గర కాకుండా ఆపరేషన్ సౌకర్యమూ రక్తమూ ఉన్న ఆసుపత్రి దగ్గరే ఉండాలి. పాడేరు నుంచి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు పంపాల్సి వస్తే మామూలు రోజుల్లోనే మూడు గంటలకు పైగా ప్రయాణం. ఘాట్‌లో కొండచరియ విరిగిపడితే ఎంత పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఉండటానికి మొదట చూడాల్సింది ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) గర్భిణుల వసతి గృహం. సాలూరులోని గిరిశిఖర గర్భిణుల వసతి గృహం అలాంటిదే. తిండి, బస అక్కడే దొరుకుతాయి, ఆసుపత్రి దగ్గర్లో ఉంటుంది. మీకు దగ్గర్లో అలాంటిది ఎక్కడుందో, తోడుగా ఎవరిని ఉండనిస్తారో, పెద్దపిల్లల్ని తీసుకురావచ్చో లేదో ఏఎన్‌ఎం (ఊళ్లకు వచ్చే ప్రభుత్వ నర్సు) ద్వారా నెల ముందే కనుక్కోండి. అది కుదరకపోతే రోడ్డు మీద ఊళ్లో చుట్టాలిల్లు చూసుకోవాలి. ఆ ఇల్లు ఆసుపత్రికి ఏ గెడ్డా దాటాల్సిన పని లేని వైపు ఉండాలి. ఇది చిన్న మాటే, కానీ చాలామంది చూసుకోరు.

కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు మండలాలవాళ్లు భద్రాచలం దగ్గర గోదావరి మట్టాన్ని రోజూ గమనించాలి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. గోదావరి ఎక్కువైతే శబరి నీళ్లు వెనక్కి తన్ని రోడ్లను ముంచుతాయి. మొదటి హెచ్చరిక వచ్చాక బండి వెతుక్కోవడం అంటే ఆలస్యమైనట్టే. మట్టం పెరుగుతోందన్న కబురు వినగానే, తొమ్మిదో నెల గర్భిణులను ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చాలి.

ఇంటి పని ఎవరు చూస్తారు

వసతి గృహంలో మంచం ఖాళీగా ఉన్నా గర్భిణి దిగిరాకపోవడానికి ఎక్కువసార్లు కారణం భయం కాదు, పని. జులై, ఆగస్టుల్లో నాట్లు ఉంటాయి. మేకలుంటాయి. మూడేళ్ల పిల్లవాడు తల్లిని వదలడు. వీటికి జవాబు చెప్పకుండా 'ఆసుపత్రికి వెళ్లమ్మా' అని ఎన్నిసార్లు చెప్పినా ఆమె తల ఊపి ఊరుకుంటుంది.

అందుకే ఏడో నెలలోనే ఇంట్లో కూర్చుని నాలుగు విషయాలు పేరుపేరునా తేల్చుకోవాలి. పెద్దపిల్లలకు ఎవరు అన్నం పెడతారు? పశువుల్ని ఎవరు చూస్తారు? నాట్ల పనికి ఆమె బదులు ఎవరు వెళతారు? ఆమెతో కిందికి ఎవరు దిగుతారు? భర్త ఒక్కడే అన్నీ చూసుకుంటాడంటే నమ్మకండి. అతను డోలీ మోయాలి, కాగితాల పని చూడాలి, అవసరమైతే రక్తదాతలను వెతకాలి. తోడుకు అత్తగారో, అమ్మో, వదినో ఉంటే మంచిది. మనవైపు కాన్పు గురించి చివరి మాట తరచుగా అత్తగారిదే. కాబట్టి ఏఎన్‌ఎం గర్భిణితో పాటు ఆమెతోనూ విడిగా మాట్లాడాలి.

ఇంకొకటి కూడా ముందే ఒప్పుకోవాలి. భర్త సంతకో కూలికో వెళ్లినప్పుడు రక్తస్రావమో ఫిట్సో వస్తే, అతను వచ్చేదాకా ఆగకుండా ఆమెను తీసుకెళ్లే అధికారం ఎవరికి? ఆ పేరు ఊళ్లో అందరికీ తెలియాలి.

ఖర్చు, కాగితాలు

జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011 నుంచి ఉంది. దాని ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. భోజనం కూడా ఉచితమే, మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషన్‌కు 7 రోజులు. ఇంటి నుంచి ఆసుపత్రికి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి, తిరిగి ఇంటికి బండి ఖర్చూ ఉండదు. ఇంటికి దింపే బండి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్, నంబరు 102.

ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద మొదటి కాన్పుకు 3,000, 2,000 చొప్పున రెండు విడతల్లో 5,000 రూపాయలు వస్తాయి. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. చివరి నెలసరి నుంచి ఆరు నెలల్లోపు పేరు నమోదై, కనీసం ఒక పరీక్ష జరిగి ఉండాలి. అయితే ఈ డబ్బు కాన్పు రోజుకు చేతికి వస్తుందని లెక్క వేసుకోవద్దు. తోడు వచ్చినవాళ్ల తిండికీ చిల్లర ఖర్చులకూ కొంత డబ్బు విడిగా దాచుకోండి.

సంచిలో సంరక్షణ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, స్కానింగు కాగితాలు రెండు పొరల ప్లాస్టిక్ కవరులో పెట్టండి. కాగితాలు మరిచిపోయినా వెనక్కి వెళ్లొద్దు. కాన్పుకు వచ్చినవాళ్లను కాగితాలు లేవని తిప్పి పంపకూడదు.

రక్తం, మాత్రలు, జ్వరం

హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 7 నుంచి 10.9 మధ్య ఉంటే రోజుకు రెండు ఐరన్ మాత్రలు, 7 కంటే తక్కువైతే మాత్రలతో సరిపెట్టకుండా ఆసుపత్రి వైద్యం. రక్తం తక్కువున్న తల్లికి కాన్పులో మామూలుగా పోయే రక్తం కూడా ప్రాణాంతకం కావచ్చు. మామూలువాళ్లకు నాలుగో నెల నుంచి రోజుకు ఒక మాత్ర చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు. ఐరన్ మాత్రను క్యాల్షియం మాత్రతో కలిపి మింగొద్దు, టీతో అసలే వద్దు. రెండు మాత్రల మధ్య రెండు గంటలు ఎడం ఉంచాలి. విరేచనం నల్లగా అవడం మామూలే. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక రాత్రి వేసుకోండి, మానేయకండి. దారి తెగినా ఇబ్బంది పడకుండా జూన్‌లోనే రెండు నెలల మాత్రలు ఇంట్లో ఉంచుకోండి.

ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద డాక్టరు ఉచితంగా చూస్తారు. వానాకాలానికి ముందు, అంటే మే 9నో జూన్ 9నో, తప్పకుండా వెళ్లి బీపీ, మూత్రం, రక్తం, సికిల్‌సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తం జబ్బు), రక్తం గ్రూపు చూపించుకోండి. గ్రూపు నెగెటివ్ అయితే ఆ రక్తం దొరకడం కష్టం, కాబట్టి దాతలను ముందే వెతికి పెట్టుకోవాలి. సికిల్‌సెల్ జబ్బు ఉన్నవాళ్లు పీహెచ్‌సీలో కాన్పు పెట్టుకోవద్దు. దాతల విషయంలో ఇంకో మాట. భర్త రక్తం భార్యకు ఎక్కించడం మంచిది కాదు, తర్వాతి కాన్పులో బిడ్డకు ముప్పు రావచ్చు. భర్త ఇస్తానంటే అది వేరేవాళ్లకు పనికొస్తుంది. ఆమెకు ఇంకొకరిది తీసుకోవాలి.

మన్యంలో వానాకాలపు జ్వరం మలేరియా కాదని తేలేదాకా మలేరియానే అనుకోవాలి. అదే రోజు ఆశాతో రక్తపరీక్ష చేయించండి. గర్భిణికి మలేరియా ముదిరితే రక్తం పడిపోతుంది, నెలలు నిండకుండా కాన్పు అవుతుంది. ఇంట్లో మిగిలిన మాత్రలు మాత్రం ఇవ్వొద్దు. మలేరియాకు వాడే ప్రైమాక్విన్ గర్భిణికి ఇవ్వకూడని మందు. వసతి గృహానికి వెళ్లేటప్పుడు దోమతెర కూడా తీసుకెళ్లండి. విరేచనాలైతే ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తాన్ని లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి తాగించండి.

ఒక్క గంట కూడా ఆగకూడని గుర్తులు

ఏ నెలలోనైనా రక్తం కనబడటం. తగ్గని తలనొప్పితో చూపు మసకబారడం, ముఖం, చేతులు ఉబ్బడం, ఫిట్స్. బీపీ 140/90 దాటడం. నొప్పులు లేకుండానే ఉమ్మనీరు పోవడం. బిడ్డ కదలిక తగ్గడం. చలిజ్వరం. నొప్పులు మొదలై 12 గంటలైనా కాన్పు కాకపోవడం. 34 వారాలు నిండకముందే నొప్పులు వస్తే ఇంకా తొందరపడాలి. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి వేసే ఇంజెక్షన్లు పనిచేయడానికి సుమారు ఒక రోజు పడుతుంది.

ఫిట్స్ వచ్చిన మనిషిని పెద్దాసుపత్రికి పంపేముందు పీహెచ్‌సీలోనే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు వేయాలి. 'వేశారా?' అని అడగండి, కార్డులో రాయించండి. నొప్పులు పెరగాలని ఊళ్లో ఎవరితోనూ ఇంజెక్షన్ వేయించొద్దు. బిడ్డ పుట్టకముందు అలా వేస్తే గర్భసంచి చిరిగిపోయే ప్రమాదం ఉంది.

దారిలో

108కి ఫోను డోలీ కదిలేటప్పుడే చేయాలి, రోడ్డు చేరాక కాదు. సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కడో ఇంట్లో ఇద్దరికైనా తెలిసుండాలి. ఊరు, మండలం, బండి ఎక్కడిదాకా రాగలదు, అక్కడికి నడక ఎంతసేపు, ఎన్నో నెల, ఏమైంది, ఏ నంబరుకు ఫోను కలుస్తుంది, ఈ వరసలో చెప్పండి. బైకు వెళ్లే దారి ఉంటే ఫీడర్ అంబులెన్స్ (బైకు అంబులెన్స్) కావాలని అడగండి. నొప్పులు పడుతున్నామెను మామూలు బైకు వెనక కూర్చోబెట్టొద్దు.

డోలీకి మోసేవాళ్లు నలుగురు చాలరు, మార్చుకోవడానికి మరో నలుగురు కావాలి. దుప్పటి సన్నగా ఉంటే ఒళ్లు ముడుచుకుని ఊపిరాడదు. అడుగున గట్టి గోనెసంచి వేసి, వీపు వెనక చుట్టిన బట్ట పెట్టి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిలా ఉంటే గర్భం బరువు పెద్ద రక్తనాళం మీద పడి తల్లికీ బిడ్డకీ రక్తప్రసరణ తగ్గుతుంది. వానకు పైన ప్లాస్టిక్ కప్పినా ముఖం తెరిచే ఉంచాలి. ఉరవడి మీదున్న నీళ్లు చీలమండలు దాటితేనే మనిషి కాలు నిలవదు. డోలీతో ఆ నీళ్లలో దిగొద్దు. ఒడ్డున ఆగి 108కి చెప్పి, అవతలి నుంచి మనుషుల్ని పిలిపించండి.

సంచిలో సబ్బు, శుభ్రమైన పాత నూలు బట్టలు నాలుగైదు, కవరు విప్పని కొత్త బ్లేడు, ఉడికించి ఆరబెట్టిన దారం, ప్లాస్టిక్ షీటు, టార్చి ఉండాలి. దారిలోనే బిడ్డ పుడితే తుడిచి, తల్లి ఛాతీ మీద ఒంటికి ఆనించి, ఇద్దరినీ కలిపి కప్పండి. స్నానం చేయించొద్దు. గంటలోపు ముర్రుపాలు పట్టించాలి. దగ్గర్లో ఆసుపత్రి ఉంటే బొడ్డుతాడు కోయకుండానే తీసుకెళ్లొచ్చు. మాయ కోసం తాడు లాగొద్దు. మాయ పడ్డాక బొడ్డు కింద పొట్ట బంతిలా గట్టిపడేదాకా చేత్తో రుద్దండి. ఆమెతో మూత్రం పోయించండి, బిడ్డను రొమ్ముకు పట్టించండి. ఈ మూడింటి వల్లా గర్భసంచి ముడుచుకుని రక్తం తగ్గుతుంది. మాయ ముక్క మిగిలిందో లేదో చూడటానికి దాన్ని కవర్లో పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాన్పయ్యాక

కనీసం 48 గంటలు ఆసుపత్రిలో ఉండాలి. వాన పెరుగుతోందని మరుసటి రోజే బయల్దేరాలని తొందరపడేవాళ్లు ఎక్కువ. కానీ బాలింతతో గెడ్డ దాటడం కంటే ఇంకో నాలుగు రోజులు వసతి గృహంలో ఉండటమే మేలు. బిడ్డ బరువు 2.5 కిలోల కంటే తక్కువైతే డాక్టరు చెప్పేదాకా కదలొద్దు. తల్లిది నెగెటివ్ గ్రూపు, బిడ్డది పాజిటివ్ అయితే తర్వాతి కాన్పు బిడ్డను కాపాడే యాంటీ-డి ఇంజెక్షన్ 72 గంటల్లోపు పడిందో లేదో అడిగి చూసుకోండి.

ఆసుపత్రి కాన్పు అయితే ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. దారి తెగి రాలేకపోతే ఆ రోజుల్లో ఫోనులో ఇవే అడగాలి: బట్ట గంటలోపే రక్తంతో తడిసిపోతోందా, జ్వరం ఉందా, మైలలో చెడు వాసన వస్తోందా, ఒక కాలు వాచిందా, బిడ్డ పాలు తాగుతోందా, ఒళ్లు చల్లబడిందా. తల్లి ఎవరితోనూ మాట్లాడకుండా, బిడ్డను పట్టించుకోకుండా ఉంటే అదీ చెప్పాల్సిన విషయమే.

జనన నమోదు 21 రోజుల్లోపు ఉచితం. ఆసుపత్రిలో ఉండగానే బిడ్డ వివరాలు రాయించండి, ఇంటికి చేరాక మళ్లీ దిగడం వానల్లో కుదరదు. మాతృవందన రెండో విడతకు ఈ జనన నమోదు, బిడ్డకు 14 వారాల దాకా వేసే టీకాలు రెండూ కావాలి. టీకా రోజున దారి తెగితే ఏఎన్‌ఎం తర్వాత ఏ రోజు, ఏ ఊరికి వస్తారో అడిగి కార్డు వెనక రాసుకోండి.