సోలార్ ప్యానెళ్లు అమ్మేవారి, బిగించేవారి అర్హతలను సరిచూసుకునే విధానం

ఇంటి పైకప్పుపై సోలార్ ప్యానెళ్లు పెట్టించుకోదలచినవారు సాధారణంగా ఒక్క మనిషితోనే మాట్లాడతారు. కొటేషన్ ఇచ్చేదీ, హామీలు పలికేదీ ఆయనే. కానీ ఆయన వెనుక చాలాసార్లు వేర్వేరు పక్షాలు ఉంటాయి: సరుకు అమ్మే సంస్థ, ఒప్పందంపై సంతకం చేసే సంస్థ, పైకప్పు ఎక్కి పనిచేసే బృందం, ప్యానెల్‌నూ, దాని కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్‌నూ తయారుచేసిన కంపెనీలు. వీరిలో ఒకరికి ఉన్న అర్హత మరొకరికి వర్తించదు. తయారీ కంపెనీ ఎంత పేరున్నదైనా, మీ ఇంటి మీద తీగలు కలిపే మనిషికి లైసెన్సు లేకపోతే ఆ పేరు అక్కరకు రాదు. అందుచేత ధర మాట్లాడక ముందే ఎవరి పాత్ర ఏమిటో, వారి పూర్తి పేర్లతో సహా రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ తరువాత చేయవలసిన తనిఖీ అంతటికీ ఈ పేర్లే ఆధారం.

రెండవ నియమం ఇంకా ముఖ్యమైనది. ఏ పత్రాన్నైనా చూపినవారి దగ్గర కాక, జారీ చేసినవారి దగ్గర సరిచూసుకోవాలి. ఫోన్‌లో పంపిన ధ్రువపత్రం చిత్రంలో పేరు, తేదీ మార్చడం కష్టమైన పనేమీ కాదు. పత్రంపై ఉన్న ఫోన్ నంబరుకు ఫోన్ చేయడం కూడా సరైన తనిఖీ కాదు, ఆ నంబరు కూడా మారి ఉండవచ్చు. జారీ చేసిన కార్యాలయం వెబ్‌సైటును మీరే వెతికి తెరిచి, పత్రం సంఖ్యను అక్కడ నమోదు చేసి చూడాలి.

సంస్థ విషయంలో చూడవలసినవి కొద్దిపాటివే. రిజిస్ట్రేషన్ తేదీ చూడాలి; రిజిస్ట్రేషన్‌లో, పన్ను నమోదులో, బిల్లు మీద, బ్యాంకు ఖాతాలో ఉన్న పేర్లు ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఎన్నో ఏళ్ల అనుభవం ఉందని చెప్పుకునే సంస్థ నిరుడే నమోదై ఉంటే, ఆ అనుభవం ఎవరిదని అడగాలి. అదే యజమానులు పాత సంస్థను మూసివేసి కొత్త పేరుతో తెరిచిన సందర్భంలో పాత వినియోగదారుల వారంటీలు ఏమయ్యాయో తెలుసుకోవడం మీ హక్కు. డబ్బును వ్యక్తిగత ఖాతాకు పంపమంటే అక్కడితో మాటలు ముగించవచ్చు.

విద్యుత్ పని చేసే అర్హత గురించి మరింత శ్రద్ధ అవసరం. ప్యానెళ్లను వరుసగా కలిపినప్పుడు వచ్చే డీసీ (ఒకే దిశలో ప్రవహించే కరెంటు) వోల్టేజి ఇళ్లలోనే కొన్ని వందల వోల్టులు ఉంటుంది. డీసీలో ఒకసారి ఆర్క్, అంటే తీగల మధ్య ఎగసే విద్యుత్ మంట, రేగితే ఇళ్లకు వచ్చే మామూలు ఏసీ కరెంటులో ఆరినంత సులభంగా అది ఆరదు. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్‌లో వోల్టేజి పుట్టకుండా ఆపే స్విచ్చు కూడా సాధారణంగా ఉండదు. ఈ కారణంగానే చాలా దేశాలు ఈ పనికి లైసెన్సునో, ప్రత్యేక ధ్రువీకరణనో ఏర్పాటు చేశాయి. బ్రిటన్‌లో ఎంసీఎస్ అనే పథకం, అమెరికాలో నాబ్‌సెప్ అనే సంస్థ ఇచ్చే వృత్తి ధ్రువీకరణలు, ఆస్ట్రేలియాలో 2024 నుంచి సోలార్ అక్రిడిటేషన్ ఆస్ట్రేలియా అనే సంస్థ నిర్వహిస్తున్న గుర్తింపు ఇటువంటివే. భారతదేశంలో 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం కింద రాయితీ పొందాలంటే జాతీయ పోర్టల్‌లో నమోదైన విక్రేత ద్వారానే పని చేయించుకోవాలి. మీరు ఎక్కడున్నా, మీ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థను అడగడం ఉత్తమమైన మొదటి అడుగు. కనెక్షన్‌కు అనుమతి ఇవ్వవలసింది అదే కాబట్టి, ఎవరి పనిని తాము అంగీకరిస్తారో అక్కడివారికి తెలుస్తుంది.

లైసెన్సు ప్రతి మీ చేతికి వచ్చాక అది ఎవరి పేరు మీద ఉందో, ఏ తరగతి పనికి చెల్లుతుందో, ఎప్పటితో ముగుస్తుందో చూడాలి. లైసెన్సు ఉన్న మనిషి సంతకం మాత్రం చేసి, పని మరెవరితోనో చేయించడం ఈ రంగంలో కొత్తకాదు. పని జరిగే రోజుల్లో ఆయన స్వయంగా ఉంటారా, ఉండకపోతే పర్యవేక్షించేది ఎవరు అన్నది ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఎత్తు మీద పనిచేసేవారికి ప్రమాద బీమా ఉందా, మీ ఇంటికి నష్టం జరిగితే పరిహారం ఇచ్చే బీమా ఉందా అని కూడా అడిగి, పాలసీ అమలులో ఉన్నదీ లేనిదీ బీమా సంస్థ దగ్గర నిర్ధారించుకోవాలి.

ఇక వస్తువుల ధ్రువపత్రాలు. అర్హతల పేరుతో ఎక్కువ గందరగోళం ఇక్కడే జరుగుతుంది. ప్యానెల్‌కు ప్రధానంగా ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం) రూపొందించిన రెండు ప్రమాణాలున్నాయి. ఐఈసీ 61215 దాని మన్నికను పరీక్షిస్తుంది: 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో వెయ్యి గంటలు ఉంచడం, మైనస్ 40 నుంచి 85 డిగ్రీల మధ్య 200 సార్లు చల్లబరిచి వేడిచేయడం, మంచు గోళాలతో కొట్టడం వంటివి అందులో భాగం. ఐఈసీ 61730 విద్యుత్, అగ్ని భద్రతకు సంబంధించినది. ఇన్వర్టర్ భద్రతకు ఐఈసీ 62109 ఉంది. సరఫరా ఆగినప్పుడు ఇన్వర్టర్ తనంతట తాను లైనుకు కరెంటు పంపడం ఆపుతుందో లేదో ఐఈసీ 62116 పరీక్షిస్తుంది. లైను మీద మరమ్మతు చేసే సిబ్బంది ప్రాణాలతో ముడిపడిన విషయం కాబట్టి దీనిని చూడకుండా వదలకూడదు.

పత్రంలో ప్రమాణం పేరు కనబడగానే సంతృప్తి పడకూడదు. కొటేషన్‌లో ఉన్న మోడల్ సంఖ్య, వాట్ల సామర్థ్యం ఆ పత్రానికి జతచేసిన జాబితాలో అక్షరం తప్పకుండా ఉండాలి. ఒకే కంపెనీకి చెందిన పాత మోడల్ పత్రాన్ని చూపించి కొత్త మోడల్‌ను అమ్మడం సాధారణం. వస్తువులను పరీక్షించి ధ్రువీకరించే సంస్థల్లో టీయూవీ రైన్‌లాండ్ ధ్రువపత్రాలను సర్టిపీడియా అనే బహిరంగ జాబితాలోనూ, యూఎల్ ధ్రువపత్రాలను ప్రొడక్ట్ ఐక్యూ అనే జాబితాలోనూ ఎవరైనా వెతకవచ్చు. ఐఎస్ఓ 9001 పత్రం సంస్థ నిర్వహణ పద్ధతికి సంబంధించినది, అది ప్యానెల్ నాణ్యతకు రుజువు కాదు. ఐరోపా నిబంధనలకు తగినదని తెలిపే సీఈ గుర్తు కూడా చాలావరకు తయారీదారు స్వయంగా చేసుకునే ప్రకటనే. అమ్మకందారులు ఇష్టంగా వాడే ‘టైర్ 1’ (మొదటి శ్రేణి) అన్న మాట అసలు నాణ్యత గురించినది కాదు. బ్లూమ్‌బెర్గ్ ఎన్ఈఎఫ్ అనే పరిశోధన సంస్థ ఆ జాబితాను తయారుచేసేది, ఏ కంపెనీ ప్యానెళ్లు వాడే ప్రాజెక్టులకు బ్యాంకులు అప్పులిస్తున్నాయో అంచనా వేయడానికి మాత్రమే. ఆ మాటను అర్హతగా చెప్పే విక్రేతకు తాను అమ్మే వస్తువు గురించి ఎంత తెలుసోనని నాకు అనుమానం కలుగుతుంది.

తాను అధీకృత డీలరునని విక్రేత చెబితే, తయారీ కంపెనీ అధికారిక వెబ్‌సైటులోని చిరునామాకు మీరే ఒక ఈమెయిల్ రాసి అడగండి. ఈ విక్రేత మీ డీలరేనా, ఇతని దగ్గర కొన్న ప్యానెళ్లకు మా దేశంలో వారంటీ వర్తిస్తుందా, లోపం ఉంటే ఎవరికి ఫిర్యాదు చేయాలి అన్న మూడు ప్రశ్నలు చాలు. వస్తు వారంటీ వేరు, ఉత్పత్తి సామర్థ్య వారంటీ (ప్యానెల్ ఇచ్చే కరెంటు చెప్పినదానికన్నా తగ్గదన్న హామీ) వేరు, బిగింపు పనికి ఇచ్చే వారంటీ వేరు. ఇరవై ఐదేళ్లు అని పెద్ద అక్షరాలతో రాసేది తరచుగా రెండవది. పైకప్పుకు చిల్లులు వేసినచోట నీరు కారితే పనికొచ్చేది మూడవది, దాని వ్యవధి ఎంతో చిన్న అక్షరాల్లో వెతకాలి. పాడైన ప్యానెల్‌ను దించి కొత్తది ఎక్కించే కూలీ ఎవరు భరిస్తారో కూడా రాయించుకోవాలి. ఎంత పెద్ద సంస్థ అయినా అంతకాలం నిలుస్తుందన్న హామీ లేదు. అమెరికాలో అగ్రశ్రేణి సంస్థల్లో ఒకటైన సన్‌పవర్ 2024 ఆగస్టులో దివాలా రక్షణ కోరింది. కాబట్టి వారంటీ ఎన్నేళ్లు అన్నదానితో పాటు, ఇచ్చేవారు లేకపోతే ఎవరు భరిస్తారన్నదీ అడగవలసిన ప్రశ్నే.

కాగితాలు సరిగ్గా ఉన్నా పని తెలియనివారు ఉండవచ్చు. దీనికి పాత పనులను చూడటమే మార్గం. గత నెలలో బిగించిన ఇల్లు కాకుండా, కనీసం మూడు వర్షాకాలాలు గడిచిన ఇంటిని చూపమని అడగాలి. అక్కడ తీగలు పైకప్పు మీద వేలాడుతున్నాయా, నట్లు తుప్పు పట్టాయా, ఎర్తింగ్ తీగ చివరి వరకు ఉందా అన్నవి గమనించాలి. ప్యానెళ్ల తీగలను కలిపే కనెక్టర్లను ప్రత్యేకంగా చూడటం మంచిది. ఎక్కువగా వాడే ఎంసీ4 రకానికి సరిపోతాయని చెప్పి ఒక కంపెనీ మగ కనెక్టర్‌ను మరో కంపెనీ ఆడ కనెక్టర్‌లో దూర్చితే అవి కలిసినట్టే కనిపిస్తాయి, కానీ కాలక్రమంలో అక్కడ వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదముంది. ఆ ఇంటివారిని ఉత్పత్తి లెక్కల గురించి అడిగేటప్పుడు, ఫిర్యాదు చేసినప్పుడు ఎన్నాళ్లకు వచ్చారో తప్పక అడగండి.

మీ ఇంటికి వచ్చినప్పుడు విక్రేత ఏం చేస్తారో కూడా ఒక పరీక్షే. పైకప్పు ఎక్కకుండా, నీడ ఎక్కడ పడుతుందో చూడకుండా, మెయిన్ బోర్డు తెరవకుండా కొటేషన్ ఇచ్చేవారిని నేనైతే అక్కడే పక్కన పెడతాను. ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తాయని వారు చెబుతున్నారో రాయించుకుని, ఐరోపా కమిషన్ ఉచితంగా అందించే పీవీజీఐఎస్ అనే ఆన్‌లైన్ లెక్కింపు సాధనంలోనో, అమెరికా ప్రయోగశాల రూపొందించిన పీవీవాట్స్‌లోనో మీ స్థలాన్ని ఎంచుకుని పోల్చవచ్చు. వారి అంకె బాగా ఎక్కువగా ఉంటే ఏ లెక్కతో వచ్చిందో అడగాలి. చలికాలం ఉదయం ప్యానెళ్ల వోల్టేజి పెరుగుతుంది కదా, ఈ వరుస ఇన్వర్టర్ పరిమితిని దాటదా అన్న ప్రశ్నకు పని తెలిసినవారు కాగితం మీద లెక్క వేసి చూపగలరు.

ఒప్పందంలో చెల్లింపులను పని దశలకు ముడిపెట్టాలి. సరుకు దిగగానే ప్యానెళ్ల వెనుక ఉన్న సీరియల్ సంఖ్యలను బిల్లుతోనూ, తయారీదారు ఇచ్చిన ఫ్లాష్ టెస్టు (ప్రతి ప్యానెల్ సామర్థ్యాన్ని కాంతి మెరుపుతో కొలిచే పరీక్ష) నివేదికతోనూ పోల్చి, ఫొటోలు తీసి ఉంచుకోవాలి. పని ముగిశాక, బిగించిన వ్యవస్థను పరీక్షించే ప్రమాణమైన ఐఈసీ 62446-1 ప్రకారం చేసిన పరీక్షల నివేదికను అడగాలి. అందులో ఎర్తింగ్ కొనసాగింపు, ధ్రువత (ప్లస్, మైనస్ తీగలు సరిగ్గా కలిపారా అన్నది), ప్రతి వరుస వోల్టేజి, మెగ్గర్ అనే పరికరంతో కొలిచిన ఇన్సులేషన్ విలువలు ఉండాలి. పరీక్షించినవారి పేరు, సంతకం, లైసెన్సు సంఖ్య మీరు మొదట సరిచూసుకున్న పేరుతో సరిపోయి, పంపిణీ సంస్థ అనుమతి పత్రం చేతికి అందాకే చివరి వాయిదా చెల్లించాలి.